వినికిడి యంత్రం – ఇంటి భాష



హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, పర్లాకిమిడిలోనైనా బిడ్డకు వినికిడి యంత్రం అమర్చగానే తల్లిదండ్రులకు ఎదురయ్యే సలహా ఒకటున్నది: "ఇంట తెలుగు మానండి, బడి భాషే మాట్లాడండి." ఇది శాస్త్రసమ్మతం కాదు. తల్లిదండ్రులు ధారాళంగా పలికే భాషలోనే బిడ్డకు మాట సమృద్ధిగా అందుతుంది. ఆ పునాదిపై బడి భాషనూ నేర్వగలడు.

అయితే మాట ముందు చెవికి చేరవలె. నిద్ర, స్నానం వేళలు తప్ప మెలకువగా ఉన్నంతసేపూ యంత్రం చెవికి ఉండవలె. పసివాడు పీకివేసినచో కోపగించక మళ్లీ పెట్టి కథ చెప్పండి. ప్రతి ఉదయం బిడ్డ వెనుక నిలిచి ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అనే ఆరు ధ్వనులు పలికి స్పందన గమనించండి. చెవి పెరిగి అచ్చు వదులైతే యంత్రం కూత పెడుతుంది. కొత్త అచ్చు చేయించండి. బ్యాటరీ మింగితే ప్రాణాపాయం, పిల్లలకు అందనీయకండి.

తక్కువ ఆదాయం గల కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం క్రింద యంత్రం ఉచితంగా లభిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 31వ సెక్షను, కనీసం 40 శాతం వైకల్యం ధ్రువీకరింపబడిన 6–18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్యాహక్కునిచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యాలు కల్పించవలెనని రాజ్యాంగ 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. వినికిడి లోపమున్న బిడ్డను అందులోనుండి మినహాయించలేదు.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం వ్రాతపూర్వకంగా కోరండి. ఇంట మాత్రం తెలుగు ఆపకండి.