మొండికేసే ఇంజను



వేటకు పోయే పడవ ఇంజను ఒకనాడు తాడు లాగగానే అందుకుంటుంది. ఇంకోనాడు ఎంత లాగినా పలకదు. ఇది గాలి కాదు, ధూళి కాదు. కారణం ఉంటుంది. ముందు నాలుగు చూడాలి.

1. పెట్రోలు ట్యాంకు మూత మీద గాలి కోసం చిన్న మర ఉంటుంది. అది బిగిసి ఉంటే ఇంజనుకు పెట్రోలు అందదు.

2. పెట్రోలు గొట్టం మధ్యలో రబ్బరు బుడ్డి ఉంటుంది. దాన్ని గట్టిపడేదాకా నొక్కాలి. గట్టిపడలేదా? గొట్టం ఎక్కడో గాలి పీలుస్తూ ఉండొచ్చు.

3. కొంచెం పెట్రోలు గాజు సీసాలో పోసి చూడాలి. నీళ్లు కలిస్తే అడుక్కి దిగుతాయి. పొయ్యి, బీడీ దగ్గర ఉండకూడదు.

4. ప్లగ్గుకు మసి పట్టినా, తడిసినా నిప్పురవ్వ సరిగా రాదు. ఇంజను చల్లారాక విప్పి, తుడిచి, ఆరబెట్టాలి.

ఇవన్నీ బాగున్నా అప్పుడప్పుడు మొండికేస్తుందా? మెకానిక్కు చూసేటప్పుడు మాత్రం చక్కగా తిరుగుతుందా? అప్పుడు మీ చదువే మందు. పడవ ఒడ్డుకు రాగానే ఇంటాయన్ని అడిగి నోటుబుక్కులో రాయండి. ఏ తారీఖు? ఇంజను చల్లగా ఉందా, వేడిగా ఉందా? ఎప్పుడూ వేడి మీదే మొండికేస్తుంటే, రవ్వనిచ్చే కాయిలు చెడి ఉండొచ్చు. ఆ కాగితం చూస్తే మెకానిక్కుకు దారి దొరుకుతుంది.

నడిసంద్రంలో ఇంజను ఆగితే పడవ గాలివాటున కొట్టుకుపోతుంది. తెడ్లు, లంగరు పెట్టారో లేదో చూడండి. పడవ తిరిగి రాకపోతే కోస్టుగార్డుకు ఫోను చేయాలి. నంబరు 1554. ఈ నాలుగు అంకెలూ ఇంటి గోడ మీద పెద్దగా రాసుకోండి.