ఊరికే పంచిన టోకెన్ ధర ఎందుకు పడుతుంది?

2024లో టెలిగ్రామ్‌లో వచ్చిన హామ్‌స్టర్ కాంబాట్ ఆట గుర్తుందా? ఫోన్ తెరను వేలితో తట్టడమే ఆట. కోట్లమంది నెలల తరబడి తట్టారు. సెప్టెంబరు 26న ఆడినవాళ్లకు క్రిప్టో టోకెన్లు పంచారు. ఆ రోజే అమ్మకాలు మొదలయ్యాయి. ధర జారిపోయింది.

ఎందుకు? ఊరికే వచ్చిన సరుకును ఎంతకు అమ్మినా లాభమే. పైసా పెట్టనివాడు మంచి ధర కోసం ఆగడు. అలాంటివాళ్లు లక్షలమంది ఒకేసారి అమ్మకానికి దిగితే కొనేదెవరు? అమ్మేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. అసలు సంగతి ఇదే.

ఇంకోటి ఉంది. ఇలాంటి పంపకాల్లో ఒక్కడే వందల ఖాతాలు తెరిచి బహుమతులు పోగేసుకోవడం మామూలే. బహుమతి కోసం వచ్చినవాడు అది అందగానే వెళ్లిపోతాడు. పైగా చాలా టోకెన్లలో స్థాపకుల వాటా, పెట్టుబడిదారుల వాటా కొంతకాలం లాక్‌లో ఉంటాయి. గడువు తీరాక అవీ బజారుకొస్తాయి. మళ్లీ అమ్మేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ.

నా బాధ ఊరికే పొందినవాళ్ల గురించి కాదు. ఆ సందడి చూసి, మొదటిరోజే సొంత డబ్బు పెట్టి కొన్న కుర్రాళ్ల గురించి. ధర పడి నష్టపోయినవాళ్లకు పన్నులోనూ ఊరట లేదు. మన దేశంలో క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలోంచి తగ్గించుకోనివ్వరు.

కొత్త టోకెన్ కొనేముందు రెండు విషయాలు కనుక్కోండి. ఊరికే పంచింది ఎంత? లాక్‌లో ఉన్నది ఎప్పుడు బయటికొస్తుంది? జవాబు దొరకకపోతే కొనకండి.