మన అలసట గురించి కూడా మాట్లాడుకుందాం

(గోదావరి జిల్లాల మహిళా కార్యకర్తలు, కౌన్సెలర్లు అన్నవరంలో జరుపుకున్న రెండు రోజుల సమావేశంలో మొదటిరోజు చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి పడుకోబోయే ముందు, ఇంట్లో ఏం చెప్పి వచ్చామో ఒకరికొకరం చెప్పుకుని చాలాసేపు నవ్వుకున్నాం. మనలో ఎక్కువమంది చెప్పిన మాట ఒకటే, “అన్నవరం వెళ్ళొస్తాను” అని. అయిదారుగురు మాత్రం ఉన్నమాట చెప్పారు. రెండు రోజులు తోటి కార్యకర్తలతో కలిసి విశ్రాంతిగా గడపడానికి వెళ్తున్నామన్నారు. ప్రశ్నలన్నీ వాళ్ళకే ఎదురయ్యాయి. “ఇంట్లో లేని విశ్రాంతి అక్కడేముంది?” అని ఒకరి అత్తగారు అడిగారట. “ఇది ఏ ప్రాజెక్టు కిందకి వస్తుంది?” అని ఇంకొకరి భర్త అడిగారట. దేవుడి పేరు చెప్పినవాళ్ళని మాత్రం ప్రసాదం మర్చిపోవద్దని చెప్పి మరీ పంపారు.

అందరికీ రైలూ బస్సూ దొరికే చోటనీ, కార్తీకం రద్దీ తగ్గాక సత్రంలో గదులు చవగ్గా దొరుకుతాయనీ అన్నవరం ఎంచుకున్నాం. కానీ రాత్రి ఆ మాటలు విన్నాక అసలు కారణం వేరే ఉందేమో అనిపించింది. ఆడది ఇల్లు దాటడానికి మనవైపు ఇప్పటికీ సులువుగా దొరికే అనుమతి పుణ్యం పేరుమీద దొరికేదే. తనకోసం వెళ్తున్నానంటే దొరకదు.

పొద్దున్నే మెట్లమీద కూర్చుని వ్రతానికి వచ్చిన కుటుంబాలని చూశాను. ఆ ఇల్లాలు తెల్లవారుజామున ఎన్నింటికి లేచి ఉంటుందో మనకి తెలుసు. పిల్లలకి తలంటిపోసి, పసుపూ కుంకుమా తమలపాకులూ సంచిలో సర్ది, మామగారి మందుబిళ్ళలు మర్చిపోకుండా పెట్టుకుని, బస్సులో చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని వచ్చి ఉంటుంది. ఇక్కడా ఆమెకి తీరిక లేదు. కానీ వ్రతం అయ్యాక, మగవాళ్ళు బస్సు సంగతి కనుక్కోవడానికి వెళ్ళినప్పుడు, ఒకావిడ చంకలో పిల్లతో పిట్టగోడ దగ్గర నిలబడి కిందనున్న పంపా జలాశయం వైపు చూస్తూ ఉండిపోయింది. అయిదు నిమిషాలు కూడా కాలేదు, కేక వినబడింది, వెళ్ళిపోయింది. ఆ అయిదు నిమిషాల గురించే నేను ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను.

మన అమ్మమ్మలకి ఇలాంటి చాటుమాటు తీరికలు కొన్ని ఉండేవి. అట్లతద్దినాడు తెల్లారకముందే లేచి, గోంగూర పచ్చడితో, పెరుగుతో చద్దన్నం తిని, వీధిలో కేకలు పెట్టుకుంటూ ఆడుకుని, చెట్టుకి వేసిన ఉయ్యాల ఊగేవారు. ఆ నోము మొగుడికోసమే, కాదనను. కానీ ఊరు నిద్రపోతున్న వేళ ఆడపిల్లలంతా వీధిలో ఉండడానికి పెద్దవాళ్ళు ఒప్పుకున్న రోజు ఏడాది మొత్తంమీద అదొక్కటే. నోము సంగతి ఎలా ఉన్నా, మా అమ్మమ్మ ముసలితనంలో కూడా తలచుకున్నది ఉయ్యాలనీ, ఉయ్యాల ఊపిన స్నేహితురాలినీ. తాతయ్య గురించి అంత చెప్పగా వినలేదు.

కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు కూడా అలాంటివే. వాటి గతి ఇప్పుడేమయిందో మీకు తెలుసు. కులానికొక వనసమారాధన, దానికొక ఫ్లెక్సీ, వేదికమీద నాయకులు. చెట్టునీడని కూడా కులాలవారీగా పంచుకున్నాం. మన సంఘాలు పెట్టుకునే వనభోజనంలో అందరి గిన్నెలూ ఒకచోట పెట్టడం చిన్న విషయం కాదని నేను అనుకుంటాను.

ఆడవాళ్ళ తీరిక అన్నమాట ఎంత మోసపూరితమైనదో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే స్త్రీలమీద మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఒక పుస్తకం రాశారు, 1982లో వచ్చింది. విదేశాలకి ఎగుమతయ్యే లేసుని గంటల తరబడి నడుము వంచి అల్లుతున్నవాళ్ళని, ఇంట్లో ఊరికే కూర్చునే గృహిణులుగా లెక్కకట్టారనీ, వాళ్ళ పనికి “తీరిక వేళ వ్యాపకం” అని పేరు పెట్టబట్టే అంత తక్కువ కూలి ఇవ్వగలిగారనీ ఆమె వివరించారు. ఆడదానికి ఉన్నదంతా తీరికే అని ముందు తీర్మానించేశాక, ఇక వేరే తీరిక ఇవ్వాల్సిన పనేముంది?

2024లో కేంద్రప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారు. మగవాళ్ళు 88 నిమిషాలు. అదయినా ఇంటిపనిలో ఎంతో కొంత చేయిపెట్టిన మగవాళ్ళ సగటు. అసలు పెట్టనివాళ్ళు ఆ సగటులోకే రారు. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటనలో 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనీ హక్కుగా చెప్పింది. మనం శిక్షణల్లో ఆ ప్రకటన గురించి ఎన్నోసార్లు చెప్పాం. ఆ అధికరణం దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగలేదు. నేనయితే ఆగలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

గృహహింస చట్టం 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చాక మన దగ్గరికి వచ్చేవాళ్ళు పెరిగారు. అది మంచిదే, అందుకే కదా పోరాడాం. కొన్నేళ్ళపాటు నేను రోజుకి నాలుగయిదు కేసులు విన్నాను. గల్ఫ్ వెళ్ళి తిరిగొచ్చి, పంపిన డబ్బూ లేక, ఇంట్లో చోటూ లేక వచ్చినవాళ్ళు, కాలిన చేతులతో వచ్చినవాళ్ళు. ఇంటికి వెళ్ళాక పప్పు పోపు పెడుతుంటే ఆ మాటలు చెవిలో వినబడేవి. తర్వాత వినబడడం మానేశాయి. నేను గట్టిపడ్డాననుకున్నాను, అనుభవం అంటే ఇదే కాబోలనుకున్నాను.

ఒక మధ్యాహ్నం, ఆ రోజుకి నాలుగో కేసు. పాతికేళ్ళుంటాయేమో ఆ అమ్మాయికి. చెప్పడం మొదలుపెట్టింది. నేను కాగితం మీంచి తల ఎత్తకుండానే, “మూడేళ్ళ నుంచి కొడుతుంటే ఇప్పటిదాకా ఏం చేస్తున్నావు?” అన్నాను. పోలీసు స్టేషన్లో ఈ ప్రశ్న వేస్తారనే కదా ఆమె మన దగ్గరికి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. కాగితాలు మళ్ళీ క్యారీబ్యాగులో పెట్టుకుని, “వస్తానండీ మేడం” అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఇచ్చిన ఫోను నంబరు పనిచెయ్యలేదు. ఆమె ఏమయిందో నాకు ఈరోజుకీ తెలియదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నిజానికి నెలల నుంచీ సరిగ్గా పట్టడంలేదని ఆ రాత్రే గమనించాను. రెండోరోజు ఆఫీసుకి వెళ్ళలేదు. మూడోరోజు నా స్నేహితురాలు వచ్చింది. చదువుకునే రోజుల నుంచీ స్నేహం, సంఘంలో లేదు, బడిలో టీచరు. ఆవిడ నాకేమీ సలహా చెప్పలేదు. “లేవవే, చీర మార్చుకో” అంది. ధవళేశ్వరం బస్సెక్కించింది. ఆనకట్ట దిగువన గట్టుమీద కూర్చున్నాం. తేగలు కొంది. ఒకటి ఒలిచి నాకిచ్చి, ఒకటి తను తింది. చాలాసేపటికి నేను ఆ అమ్మాయి సంగతి చెప్పాను. “తప్పు చేశావు” అంది. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. “నీ తప్పేం లేదులే” అనుంటే వచ్చేది కాదు. చీకటిపడే దాకా కూర్చుని వచ్చాం.

ఒక సాయంత్రంతో నేను బాగుపడిపోయానని చెప్పడంలేదు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను, కొన్ని నెలలు మందులు వాడాను. ఇది ఎందుకు చెప్తున్నానంటే, దిగులు జబ్బుగా మారితే గోదావరి గాలి సరిపోదు. షుగరుకి మందు వేసుకున్నట్టే దీనికీ వేసుకోవాలి. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్‌కి 14416 నంబరు మీద డబ్బు ఖర్చు లేకుండా ఫోను చెయ్యవచ్చు. మనం ఇంకొకరికి రాసిచ్చే ఈ నంబరు మనకోసం కూడా.

చెట్లూ నీళ్ళూ చూస్తే మనసు కుదుటపడుతుందన్నది కవుల మాట మాత్రమే కాదు. రోజర్ అల్‌రిచ్ అనే ఆయన అమెరికాలో ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించి 1984లో రాశారు. ఒకేరకం ఆపరేషను అయిన రోగుల్లో, కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్ళు ఇటుకగోడ కనబడినవాళ్ళకంటే ముందు ఇంటికి వెళ్ళారట, గట్టి నొప్పిమందులు కూడా తక్కువ వాడారట. ఇక స్నేహం సంగతి. కష్టం వస్తే మనిషి తిరగబడతాడు లేదా పారిపోతాడు అని చాలాకాలం పుస్తకాల్లో చెప్పారు. ఆ పరిశోధనలు ఎక్కువగా మగవాళ్ళమీద జరిగినవి. షెల్లీ టేలర్, ఆమె సహచరులు 2000లో ఆ సంగతి ఎత్తిచూపి, ఒత్తిడిలో స్త్రీలు ఎక్కువగా పిల్లల్ని దగ్గరికి తీసుకుంటారు, తోటివాళ్ళతో జతకడతారు అని ప్రతిపాదించారు. చేపల మార్కెట్లో గంపలు దించుకుని పది నిమిషాలు కూర్చునే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి ఇది కొత్త సంగతేమీ కాదు. ఆ కబుర్లనే కదా “అమ్మలక్కల కబుర్లు” అని మగవాళ్ళు కొట్టిపారేసేది.

అయితే ప్రకృతి అందరికీ ఒక్కలా అందుబాటులో లేదు. లంక గ్రామాల స్త్రీకి గోదావరంటే ముందు గుర్తొచ్చేది వరదే, 1986 ఆగస్టు, 2022 జూలై. కోనసీమలో 1996 నవంబరు తుపాను చూసిన ఆవిడ కొబ్బరితోటలో గాలి వీస్తే ఈరోజుకీ ఉలిక్కిపడుతుంది. ఏజెన్సీ ఆడవాళ్ళకి అడవి అంటే నెత్తిమీద కట్టెలమోపు. ఇక ఒంటరిగా నది ఒడ్డున కూర్చునే స్వేచ్ఛ మనలో ఎంతమందికి ఉంది? మగవాడు గట్టుమీద కూర్చుంటే గాలి పీల్చుకుంటున్నాడంటారు. ఆడది కూర్చుంటే, దూకడానికి వచ్చిందా అని ఒకడు, ఎవడికోసమో వచ్చిందని ఇంకొకడు. ఆరోజు నా స్నేహితురాలు పక్కన లేకపోతే నేను చీకటిపడే దాకా ధవళేశ్వరంలో కూర్చోగలిగేదాన్ని కాదు. గట్టుమీద దీపం, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి, రాత్రి ఎనిమిది తర్వాత ఊరికి బస్సు కావాలని అడగడం కూడా మన మనశ్శాంతికి సంబంధించిన కోరికే.

ఇంకొక జాగ్రత్త. “ఒత్తిడి నివారణ” అని ఈమధ్య చాలా తరగతులు పెడుతున్నారు. కళ్ళు మూసుకోండి, ఊపిరి గట్టిగా తీసుకోండి, అంతా మీ మనసులోనే ఉంది అంటారు. ఊపిరి తీసుకోవడం మంచిదే, నేనూ రోజూ చేస్తాను. కానీ నెలల తరబడి గౌరవవేతనం రాని ఆశా కార్యకర్తకి ఊపిరి తీసుకోవడం నేర్పిస్తే అది వైద్యం కాదు. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు, మధ్యలో ఎస్మా ప్రయోగించినా ఆగలేదు. నేను ఒక శిబిరానికి రెండుసార్లు వెళ్ళాను. ఎండలో, చలిలో, ఉద్యోగం పోతుందన్న భయంతో ఉన్నారు. అయినా సెంటర్లో ఒంటరిగా రికార్డులు రాసుకునే రోజుల్లో కంటే వాళ్ళ ముఖాలు తేటగా ఉన్నాయి. ఒకరి జడ ఒకరు వేసుకుంటున్నారు. ఒకావిడ నాతో, “పదిహేనేళ్ళ సర్వీసులో మా సెక్టారు వాళ్ళందరి పేర్లూ ఇప్పుడే తెలిశాయండీ” అంది.

మన సంఘాల చరిత్రలో కూడా అలసటని ఎవరూ లెక్కరాయలేదు. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగినప్పుడు, వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ పని మానేస్తే, కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు తనే గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి వంట చేశారని చదువుకున్నాం. ఆమె త్యాగం అని రాశాం. ఆ రాత్రి ఆమె నడుము ఎలా ఉందో, ఎవరితో చెప్పుకుందో రాయలేదు.

మా ఆఫీసులో తర్వాత కొన్ని మార్పులు చేసుకున్నాం. మీకు పనికొస్తాయేమో చూడండి. ఒక మనిషి రోజుకి మూడు కేసులకి మించి వినకూడదు. నాలుగో ఆమెని తిప్పి పంపడం కాదు, ఆమెకి ఇంకొకరు కూర్చోవాలి. మనిషి చనిపోయిన కేసుకి వెళ్ళొచ్చినవాళ్ళకి మర్నాడు సెలవు, అడగకుండానే. నెలకొక సాయంత్రం అందరం కూర్చుని కేసుల గురించి కాకుండా, ఆ కేసులు విన్నాక మనకేమయిందో చెప్పుకోవాలి. మొదటి రెండు నెలలూ ఎవరూ నోరు విప్పలేదు, బజ్జీలు తిని లేచిపోయాం. మూడో నెల మా అందరికంటే చిన్నమ్మాయి మొదలుపెట్టింది. రాత్రి ఫోనుకి వంతులు వేసుకున్నాం. బడ్జెటులో ఏడాదికొకసారి ఇలాంటి ప్రయాణానికి ఒక పద్దు రాశాం. నిధులిచ్చేవాళ్ళు దాన్ని కొట్టేసి పంపారు. రెండోఏడూ రాశాం, రెండోసారీ కొట్టేశారు. మూడోఏడు ఒప్పుకున్నారు. మీరు కూడా రాయండి. “శిక్షణ” అని పేరు మార్చి రాయకండి. ఇంట్లో అబద్ధం చెప్పి రావడం చాలదా, ఆఫీసు కాగితాల్లో కూడా ఎందుకు?

కార్యక్రమంలో మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు ఏమీ వెయ్యలేదు. అచ్చుతప్పు కాదు, కావాలనే ఖాళీ ఉంచాం. నిద్రపోయేవాళ్ళు నిద్రపోవచ్చు. అయిదింటికి పంపా ఒడ్డుకి నడిచి వెళ్దాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆటో మాట్లాడాం. నోటుపుస్తకాలు గదిలో పెట్టేసి రండి. ఈ రాత్రి ఫోను దగ్గర వంతు నాదీ, పిఠాపురం నుంచి వచ్చిన అక్కదీ.