మండపేటకు అరోరా వస్తుందా?

 

స్నాతకోత్సవంలో మాట్లాడేవాళ్ళు జీవితం గురించి చెప్పడం ఆనవాయితీ. ఆ సంగతి మీ అమ్మానాన్నలు నాకంటే బాగా చెప్పగలరు, రోజూ చెబుతూనే ఉంటారు. నేను సూర్యుడి గురించి చెబుతాను. మనకు సూర్యుడంటే ఎండ, వడగాడ్పు, ధాన్యం ఆరబెట్టడం, మహా అయితే గొల్లల మామిడాడ సూర్యుడి గుడి. ఆయనకు ఇంకో వ్యవహారం కూడా ఉంది.

2024 మే 10 రాత్రి, టెక్సాస్‌లో ఉంటున్న మనవాళ్ళు అరోరా అనే ధ్రువకాంతితో ఆకాశం గులాబీ రంగులో మెరిసిపోతున్న ఫోటోలు ఇంటి గ్రూపుల్లో పెట్టారు. ఆ వెలుగును తెచ్చింది 2003 తర్వాత భూమిని తాకిన అతి పెద్ద అయస్కాంత తుఫాను. అదే రాత్రి మన దేశంలో లదాఖ్‌లోని హన్లే వేధశాల కెమెరాకు ఉత్తర దిక్కున ఎర్రటి కాంతి చిక్కింది. మరి మండపేటకు ఎందుకు రాలేదు? దక్షిణాన ఉన్నాం కాబట్టి అంటారు. అది సగం జవాబే. టెక్సాస్‌లోని డాలస్, హన్లే రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, సుమారు 32.8 డిగ్రీలు. అయినా డాలస్‌కు దొరికినంత వైభోగం హన్లేకు దొరకలేదు.

ఎందుకంటే అరోరా చూసేది మన అట్లాసును కాదు, భూమి అయస్కాంతాన్ని. ఆ అయస్కాంతపు ఉత్తర ధ్రువం కెనడా వైపు ఒరిగి ఉంది. అమెరికాకు అది దగ్గర, మనకు దూరం. ఆ లెక్కన కొలిస్తే డాలస్ 41 డిగ్రీల దగ్గర, హన్లే 24 దగ్గర ఉంటాయి. 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నామనుకునే మన మండపేట అయస్కాంతపు లెక్కలో దాదాపు 8కి దిగిపోతుంది. హన్లేకు ఎరుపు మాత్రమే కనబడటానికీ దూరమే కారణం. ఆకుపచ్చ కాంతి సుమారు వంద, నూట యాభై కిలోమీటర్ల ఎత్తులో పుడుతుంది. దూరం నుంచి చూసేవాళ్ళకు భూమి వంపు దాన్ని కప్పేస్తుంది. రెండు వందల కిలోమీటర్లకు పైన ఆక్సిజన్ ఇచ్చే ఎరుపు ఒక్కటే దిగంతం మీద తేలుతుంది.

మరి సూర్యుడి నుంచి ఇదంతా ఎలా వస్తుంది? సౌరజ్వాల వేరు, అరోరా తెచ్చేది వేరు. జ్వాల వెలుగు 8 నిమిషాల 20 సెకన్లలో వచ్చి రేడియో తరంగాలను చెడగొడుతుంది. దానితోపాటు ఒక్కోసారి కోట్లాది టన్నుల విద్యుదావేశ పదార్థం కూడా ఎగసిపడుతుంది. అరోరా తెచ్చే ఆ పదార్థం మనదాకా రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. భద్రాచలం దగ్గర గోదారి పెరిగిందని ఫోను క్షణంలో వస్తుంది, నీళ్ళు ధవళేశ్వరం చేరడానికి టైము పడుతుంది. ఇదీ అంతే. ఆ భద్రాచలం కొలబద్దలాంటి పని ఇప్పుడు ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 చేస్తోంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి లేచి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కుదురుకుంది.

అయితే మనకు అసలు అవకాశమే లేదా? ఒక దాఖలా ఉంది. 1872 ఫిబ్రవరి 4 రాత్రి బొంబాయిలో అరోరా కనిపించినట్టు నమోదైంది. బొంబాయి మనకంటే రెండు డిగ్రీలే ఉత్తరాన ఉంది. అంటే అసాధ్యం కాదు. కానీ అలాంటి రాత్రి రావాలని నేను మాత్రం కోరుకోను. 1989 మార్చిలో అంతకంటే చిన్న తుఫానుకే కెనడాలోని క్విబెక్‌లో అరవై లక్షల మందికి తొమ్మిది గంటల పాటు కరెంటు పోయింది. కోనసీమ చెరువుల్లో ఏరియేటర్లు తొమ్మిది గంటలు ఆగితే ఏమవుతుందో రొయ్యల రైతు బిడ్డలకు నేను చెప్పాలా? 2024 మేలో జీపీఎస్ తడబడి, అమెరికాలో మొక్కజొన్న విత్తే ట్రాక్టర్లు పొలాల్లోనే ఆగిపోయాయి. మన దగ్గర కూడా జీపీఎస్‌తో నడిచే డ్రోన్లతో మందు కొట్టేవాళ్ళు పెరుగుతున్నారు. కాస్మిక్ కిరణాలొస్తున్నాయి, రాత్రికి ఫోన్లు ఆపేయండంటూ వాట్సాప్‌లో తిరిగే కబురు మాత్రం నమ్మకండి. తుఫాను మీ జేబులోని ఫోనును ఏమీ చేయదు. దెబ్బ తగిలేది పొడవాటి కరెంటు లైన్లకు, ఉపగ్రహాలకు.

సూర్యుణ్ణి చదవడంలో మన నేలకు పెద్ద వాటాయే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చారు, మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళారు. చీకటి పడిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున లేచిన ఎర్రటి నాలుకల కాంతిని వర్ణపటంలో విడదీస్తే, సోడియం గీతకు పక్కనే ఒక పసుపు గీత కనిపించింది. అదే తర్వాత హీలియం అయింది. భూమి మీద దాన్ని పట్టుకోవడానికి 1895 దాకా పట్టింది. నాకు అంతకంటే నచ్చేది మర్నాటి సంగతి. గ్రహణం విడిచాక అందరూ సామాను సర్దుకునే వేళ, ఆ గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకుండానే కనబడాలి కదా అనుకున్నారు జాన్సెన్. ఆగస్టు 19న మామూలు ఎండలో చూశారు, కనబడ్డాయి. గ్రహణం కోసం ఏళ్ళ తరబడి కాచుకునే అవసరం గుంటూరులో తీరింది.

ఇంకొకటి. 1859 సెప్టెంబరులో, చరిత్రలోకెల్లా పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు, బొంబాయి కొలాబా వేధశాల సిబ్బంది అయస్కాంతపు సూది కదలికను కంటితో చూసి రాశారు. మామూలుగా గంటగంటకూ, తుఫాను ముదిరాక ఇంకా దగ్గర దగ్గరగా. ఆ కాగితాలను 2003లో శాస్త్రజ్ఞులు మళ్ళీ తీసి ఆ తుఫాను బలం లెక్కకట్టారు.

ఇక చూడాలనే ఉబలాటం ఉన్నవాళ్ళకు. ఎంఎస్‌కు అమెరికా వెళ్ళేవాళ్ళు, అయస్కాంత తుఫాను తీవ్రతను చెప్పే కె.పి. సూచిక 8 దాటిన రాత్రి ఊరి దీపాలకు దూరంగా వెళ్ళి ఉత్తరం వైపు చూడండి. కంటికి బూడిద రంగు మబ్బులా అనిపించినా ఫోను నైట్ మోడ్‌లో పెట్టి తీయండి, రంగు బయటపడుతుంది. సూర్యుడి ఉద్ధృతి పెరిగి తగ్గే చక్రంలో గరిష్ఠ దశ 2024లోనే వచ్చిందని బెంగపడకండి. 2003 తుఫాను కూడా గరిష్ఠం దాటాకే వచ్చింది. తర్వాతి గరిష్ఠం 2035 ప్రాంతంలో, అప్పటికి మీకు ముప్పై దాటుతాయి.

ఇక్కడే ఉండేవాళ్ళకు ఇంకో దారి. ఆదిత్య పంపిన సమాచారాన్ని ఇస్రో 2025 జనవరి నుంచి ప్రదాన్ పోర్టల్‌లో అందరికీ తెరిచి పెట్టింది. భౌతికశాస్త్రం, కంప్యూటర్లు చదివినవాళ్ళు ఇద్దరిద్దరు కూర్చుంటే ఒక జ్వాల పుట్టి ఆరిపోయిన గ్రాఫు మీరే గీయొచ్చు. ల్యాబు తాళం సెలవుల్లో ఎవరి దగ్గర ఉంటుందో ప్రిన్సిపాల్ గారిని ఇప్పుడే అడిగేయండి. ఆయన ఈ వేదిక మీదే ఉన్నారు, కాదనలేరు.