కబడ్డీలో తలకు దెబ్బ తగిలితే
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువుల గురించి, కట్నాల గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు బాగా చెప్పినారు. నేను డ్రిల్లు మాస్టరుగా పని చేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది ఆటస్థలం. కనుక కబడ్డీలో మన పిల్లల తలలకు తగిలే దెబ్బల గురించి నాలుగు మాటలు చెప్పదలచుకొన్నాను.

ఈ ప్రాంతంలో కబడ్డీకి ఉన్న పిచ్చి మీకు చెప్పనక్కరలేదు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలప్పుడు ప్రేక్షకుల గ్యాలరీ కూలి, సుమారు వందమంది గాయపడిన సంగతి మనమెవ్వరం మరచిపోలేదు. ఆ దెబ్బలు అందరి కంటికీ కనిపించినవి గనుక అంబులెన్సులు పరుగెత్తినవి. బరిలో పిల్లవాడి తలలో జరిగేది మాత్రం కంటికి కనిపించదు. అదే దాని ప్రమాదం.

ఎట్లా తగులుతుందో చూడండి. కూతకు వచ్చినవాని మడమ పట్టడానికి ఒకడు క్రిందికి దూకుతాడు. వాడు కాలు విదిలిస్తే మడమో మోకాలో వీని కణతకు తగులుతుంది. ఇద్దరు రెండు వైపుల నుండి ఒకేసారి పట్టబోతే తలా తలా కొట్టుకొంటవి. ఛాతీతో గుద్ది గీత అవతలికి నెడితే వెల్లకిలా పడి తల వెనుక భాగం నేలకు తగులుతుంది. పట్నాలలో చాప పరుస్తారు, మనకు ఉన్నది గట్టి నేల.

మెదడు పుర్రెలో మేకు కొట్టి బిగించినట్లు ఉండదు. పెరుగు కుండను చేతిలో పట్టుకొని ఒక్కసారి కుదిపినామనుకోండి, కుండ పగలదు, లోపల పెరుగు మాత్రం చెదురుతుంది. అట్లానే మెదడు అదురుతుంది. దీనినే డాక్టర్లు కంకషన్ అంటారు. రక్తం రానక్కరలేదు, బొప్పి కట్టనక్కరలేదు. చాలామంది స్పృహ కూడా తప్పరు. సీటీ స్కాన్ తీసినా సాధారణంగా ఏమీ కనిపించదు. పిల్లవాడు అయోమయంగా చూస్తాడు, స్కోరెంతో చెప్పలేడు, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, వెలుతురు చూడలేనంటాడు, నడక తూలుతుంది.

అప్పుడు మనమేం చేస్తాం? ముఖాన నీళ్ళు కొడతాం. ‘‘మొగోడివి కాదురా, లే!’’ అంటాం. వాడు లేస్తాడు. జనం చప్పట్లు కొడతారు. మళ్ళీ కూతకు పోతాడు. లేచి నిలబడ్డాడు గనుక బాగున్నాడనుకోవడం, అయ్యా, నేను చూసినంతలో మన మైదానాలలో ఇంతకన్న చెడ్డ అలవాటు లేదు.

మన దేశపు క్రికెట్ ఆటగాడు రమణ్ లాంబా పేరు పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1998 ఫిబ్రవరి 20న ఢాకాలో ఒక క్లబ్బు మ్యాచ్‌లో హెల్మెట్ లేకుండా బ్యాటుకు దగ్గరలో ఫీల్డింగు చేస్తుండగా బంతి వచ్చి తలకు తగిలింది. ఆయన లేచి నడచి లోపలికి వెళ్ళినాడు. తరువాత స్పృహ తప్పింది. ఆపరేషన్ చేసినా 23వ తేదీన చనిపోయినాడు. వయస్సు 38. ఇది మామూలు కంకషన్ కాదు, పుర్రె లోపల రక్తం గడ్డకట్టడం. ఆ రక్తం నెమ్మదిగా చేరుతుంది. అంతవరకు మనిషి మాట్లాడతాడు, నడుస్తాడు. బరి ప్రక్కన నిలబడి మీకైనా నాకైనా ఈ రెండిటికీ తేడా తెలియదు. అందుకే బయట కూర్చోబెట్టాలంటున్నాను. మొదటి అదురు మానకముందే రెండవ దెబ్బ తగిలితే, ముఖ్యంగా చిన్న వయసులో, మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం పోవడం అరుదైనా జరిగేదే. 2019 నుండి అంతర్జాతీయ క్రికెట్‌లో కంకషన్ అయినవాని బదులు మరొకరిని దింపుతున్నారు. కబడ్డీలో బదులు ఆటగాళ్ళు ఎప్పుడూ బయట కూర్చొనే ఉంటారు గదా, మరి మనకేం అడ్డం?

ఇంటికి తెచ్చిన తరువాత ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వవద్దు. నిద్ర అసలే పోనివ్వకూడదని మన పెద్దలు అంటారు. నిద్ర మంచిదే, మధ్యమధ్య లేపి పేరు పలికించి చూడాలి. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరిగే తలనొప్పి, మూర్ఛ, ఒక చెయ్యి కాలు పట్టుతప్పడం, కంటిపాప ఒకటి పెద్దదై కనిపించడం, చెవి ముక్కుల నుండి నీళ్ళో రక్తమో రావడం, లేపినా లేవకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే పోవాలి. తావీదు కట్టించాలనుకొనేవారిని నేను కాదనను, ఆసుపత్రి నుండి వచ్చినాక కట్టించండి. డాక్టరు చెప్పనిదే నొప్పి మాత్రలు మింగించవద్దు, కొన్ని మాత్రలకు రక్తస్రావం పెరుగుతుంది.

ఇక కోలుకోవడం. పూర్వం చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టేవారు. ఇప్పటి వైద్యులు ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలంటున్నారు. తరువాత మెల్లగా నడక, కొద్దిగా చదువు. మొదటి రెండు రోజులు సెల్‌ఫోన్ తగ్గించాలి, ఇది తల్లులకు కష్టమైన పనే! ఆటకు మాత్రం మెట్టు మెట్టుగా, రోజుకొక మెట్టు కన్న ఎక్కకుండా రావాలి. పట్టులు పట్టే ఆటకు డాక్టరు సరేనన్నాకే. పెద్దవారికి సుమారు రెండు వారాలు, పిల్లలకు నాలుగు వారాల దాకా పట్టవచ్చు.

దెబ్బ పెద్దదైతే నెలలు, సంవత్సరాలు. నాకు తెలిసిన ఒక ఇంటర్ కుర్రవాడు ఆసుపత్రి నుండి నడచి వచ్చినాడు. అందరూ అల్‌హమ్‌దులిల్లా అన్నారు. ఇంట్లో అసలు కష్టం అప్పుడు మొదలైంది. తమ్ముణ్ణి కొట్టేవాడు, బజారుకు పోయి ఎందుకు పోయిందీ మరచేవాడు. ‘‘పొగరెక్కింది’’ అన్నాడు వాళ్ళ అబ్బా. అది పొగరు కాదు, దెబ్బతిన్న మెదడు. వాళ్ళ అమ్మీ గోడ మీద సుద్దతో ఆ రోజు పనులు వ్రాసి పెట్టేది. చేసినదానికి వాడే గీత కొట్టేవాడు. గోడ సహాయం లేకుండా పనులు చేసుకోవడానికి ఏడాది పైన పట్టింది.

1962లో మన క్రికెట్ కెప్టెన్ నారీ కాంట్రాక్టరుకు బార్బడోస్‌లో బంతి తగిలి పుర్రె చిట్లింది. ప్రత్యర్థి కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ రక్తమిచ్చినాడు. కాంట్రాక్టరు బ్రతికి మళ్ళీ పెద్ద మ్యాచ్‌లు ఆడినాడు గాని, టెస్టు మాత్రం మళ్ళీ ఆడలేదు. బ్రతికి బయటపడ్డా అంతా మునుపటిలాగే ఉంటుందని అనుకోరాదు.

ఒకరు చీటీ పంపినారు, సజ్దాలో వంగితే కండ్లు తిరిగేవాడు ఏం చేయాలని. కూర్చొని, అదీ కాకుంటే సైగతో నమాజు చేయవచ్చు. జబ్బుపడినవానికి రోజా వాయిదా వేసుకొనే వీలుంది. వివరం మౌలానా సాబ్‌ను అడగండి.

పిల్లలను ఆట మాన్పించమని నేను అనడం లేదు. మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయింది. ఆడాలి. సంఘం పెద్దలను కోరేది ఒకటే. వచ్చే సంక్రాంతి పందేలకు జట్ల పేర్లు వ్రాసుకొనే రోజునే, తలకు దెబ్బ తగిలినవాడు ఆ రోజు మళ్ళీ బరిలోకి దిగరాదని కాగితం మీద వ్రాసి, కెప్టెన్ల సంతకాలు తీసుకోండి. ఏ జట్టుకూ చెందని పెద్దమనిషి ఒకరిని బరి ప్రక్కన కూర్చోబెట్టండి. ఆయన ‘‘వద్దు’’ అంటే వద్దు. ఫైనల్ అయినా సరే, సర్పంచ్ గారి అబ్బాయి అయినా సరే. ఆ కుర్చీలో మొదటి ఏడు నేను కూర్చుంటాను. తిట్లు తినడం డ్రిల్లు మాస్టరుకు అలవాటే.