గేటు మీది బోర్డు చదువుదాం

(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు అనంగనే మనకు వాటా యాదికొస్తది. ఎన్ని టీఎంసీలు, ఏ ప్రాజెక్టు, ఎవరి కాలువ? ఈ లెక్కలు మన పిల్లలకు సైతం నోటికొచ్చినయి. మంచిదే. ఇయ్యాల నేను ఇంకో లెక్క అడుగుతున్న. వచ్చిన నీళ్లు తాగేటట్టు ఉన్నయా? వాటా దక్కినా వాగు విషమైతే ఆ వాటా ఎవరికి అక్కరకొస్తది?

పటాన్‌చెరు సంగతే చూడండి. 1970లలో అక్కడ పారిశ్రామికవాడ మొదలైంది. పక్కన బొల్లారం, పాశమైలారం, కాజిపల్లి దాకా మందుల కంపెనీలు, రసాయన కంపెనీలు వచ్చినయి. కంపెనీ కంచె లోపల ఉన్నది, నక్కవాగు కంచె బయట పారుతున్నది. ఆ వాగు పోయి మంజీరలో కలుస్తది. వాగు పక్క ఊర్లల్ల పొలాలు పాడైనయి, బోర్ల నీళ్లు తాగరాకుండ అయినయి. ఆ ప్రాంతపు వైద్యుడు అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఏండ్ల తరబడి కొట్లాడిన్రు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. అక్కడినుంచి హైకోర్టుకు, ఆ తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. కాగితం ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, హైదరాబాదు నుంచి చెన్నైకి తిరుగుతుంటే వాగు మాత్రం కిందికే పారింది.

మరి చట్టం లేకనా? ఉన్నది. 1974 నీటి చట్టం 24వ సెక్షన్ ప్రకారం తెలిసి వాగులో గానీ బావిలో గానీ విషపదార్థం కలపనీయొద్దు. 25వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి లేకుండ ఫ్యాక్టరీ పెట్టొద్దు, మురికినీళ్లు వదలొద్దు. 1986 పర్యావరణ పరిరక్షణ నియమాలలో సాధారణ హద్దులు అంకెలతో సహా రాసిపెట్టిన్రు. వాగులోకి వదిలే నీళ్లల్ల బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250, సీసం 0.1 దాటొద్దు. బీఓడీ అంటే నీళ్లల్ల ఉన్న మురికిని సూక్ష్మజీవులు అరిగించుకోవడానికి కావలసిన ఆక్సిజన్. అది పెరిగితే చేపకు ఊపిరి ఆడది. మురికినీళ్లల్ల మంచినీళ్లు కలిపి పలుచన చేస్తే అంకె తగ్గుతది గానీ విషం తగ్గదు.

ప్రమాదకర వ్యర్థాలకు మొదటి నియమాలు 1989లో వచ్చినయి. ఇప్పుడు నడుస్తున్నవి 2016 నాటివి. మామూలుగా 90 రోజులకు మించి వ్యర్థాన్ని ఫ్యాక్టరీలో నిల్వ పెట్టొద్దు. డ్రమ్ము మీద పేరు, స్వభావం రాయాలె. బయటికి పంపితే ఏడు కాపీల మానిఫెస్టు ఉండాలె. పంపినోడు, మోసినోడు, తీసుకున్నోడు, మండలి, అందరి దగ్గర ఆ బండి లెక్క ఉండాలె. రాత్రిపూట చెరువు కట్ట దగ్గర డ్రమ్ములు దించే బండికి ఈ కాగితం ఉండదు. మనం అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

అయితే నియమంలో రాయని విషాన్ని ఎవరు కొలుస్తరు? 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గరి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి ఫలితాలు ప్రచురించిన్రు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. అవి శుద్ధి చేసిన నీళ్లు, యాదికుంచుకోండి! ఇట్లాంటి నీళ్లల్ల బతికే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండ మొండికేస్తయి. రేపు మన బిడ్డకు జ్వరమొస్తే గోలీ పనిచెయ్యదు. 2020 జనవరిలో కేంద్రం ఇట్లాంటి మందుల అవశేషాలకు హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నియమాలు వచ్చేసరికి ఆ హద్దులు మాయమైనయి.

ఫ్యాక్టరీలు వద్దని నేను అంటలేను. మన పిల్లలకు కొలువులు కావాలె. కానీ రసాయనం ముందుగాల కాటేసేది లోపల పనిచేసే కార్మికుణ్నే. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా ప్రాణాలు పోయినయి. పొట్టచేతబట్టుకొని దూర రాష్ట్రాల నుంచి వచ్చినోళ్లు ఎందరో అందులో ఉన్నరు. భద్రత నియమం పరిశ్రమకు శత్రువు కాదు, కార్మికుని ప్రాణానికి కాపలా.

మనం ఏం చెయ్యాలె? మూడు పనులు చెప్త.

ఒకటి, గేటు దగ్గరికి పోండి. 2003 అక్టోబర్ 14న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రమాదకర రసాయనాలతో నడిచే ఫ్యాక్టరీ తన ప్రధాన గేటు బయట బోర్డు పెట్టాలె. ఏ రసాయనం ఎంత ఉన్నది, నీళ్లు, గాలి, ఘనవ్యర్థం ఎంత బయటికి పోతున్నదో అందులో రాయాలె. బోర్డు ఉన్నదా? అంకెలు నింపిన్రా? ఖాళీగ ఉంటే తేదీతో సహా ఫొటో తియ్యండి.

రెండు, 2005 సమాచార హక్కు చట్టం కింద మండలికి దరఖాస్తు పెట్టండి. ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన సమ్మతి పత్రం, నీటి నమూనాల ఫలితాలు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలె.

మూడు, ఆ కాగితాన్ని గ్రామసభలో చదవండి. బోర్డు మీది అంకె, సమ్మతి పత్రంలోని అంకె, మండలి పరీక్షలో తేలిన అంకె, మూడింటినీ పక్కపక్కన పెట్టండి. ఎక్కడ తేడా ఉంటే అక్కడ నిలదీయండి.

ఉద్యోగ మిత్రులకు ఒక్క మాట. తనిఖీ చేసేది, నమూనా తీసేది, రిపోర్టు మీద సంతకం పెట్టేది మీలాంటోళ్లే. 2014 జూన్ 2 తర్వాత ఆ కుర్చీలల్ల కూసున్నది మనోళ్లే. పైవాళ్లు చెప్పిన్రని ఇంకొకరి మీదికి తోసే కాలం పోయింది. సంతకం పెట్టేముందు ఆ వాగు పక్క ఊరిలో మీ చుట్టం ఒకరున్నరని అనుకోండి.

నీళ్ల కోసం కొట్లాడినోళ్లం. ఆ నీళ్లను కాపాడే పని కూడ మనదే. వచ్చే ఆదివారం మీ ఊరికి దగ్గరున్న ఫ్యాక్టరీ గేటు దాకా పోయి బోర్డు చదివి రండి. పని అక్కడినుంచి మొదలుపెడుదాం. సెలవు.