సముద్రం అందరిదీ, ఉప్పెన మనదేనా?

(తీరప్రాంత కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రాన్ని కాపాడాలని పట్నాల్లో సభలు పెడుతున్నారు. మంచిదే. ఎవరి నుంచి కాపాడాలి, ఎవరి కోసం కాపాడాలి? ఆ మాట మనమే అడగాలి.

బొగ్గూ పెట్రోలూ తగలబెట్టగా లోకంలో పెరిగిన వేడిలో నూటికి 90 పాళ్లకు పైగా సముద్రమే మింగింది. వేడెక్కిన నీళ్ల మీద తుఫాను బలం పుంజుకుంటది. నీటిమట్టం పెరిగేకొద్దీ ఉప్పెన ఇంకా లోపలికొస్తది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. మిట్ట మీద ఉండేది ఎవరి ఇళ్లు? పల్లంలో గుడిసెలు ఎవరివి? గాలికి కులం లేదు, ఊరి కట్టుబడికి ఉంది.

ఉప్పెనకు అడ్డం నిలిచేది మడ అడవి. దాని వేళ్లు అల జోరు తగ్గిస్తాయి, ఒండ్రును పట్టి ఉంచుతాయి. చేపపిల్లకూ రొయ్యపిల్లకూ అదే పురిటిల్లు. ఆ మడను చాలాచోట్ల నరికి రొయ్యల చెరువులు తవ్వారు. చెరువులో ఉప్పునీళ్లు, మన బావిలోనూ ఉప్పునీళ్లే! వరిచేను పోయింది. నాటూ కలుపూ కోతా పోయాయి. చెరువుకు ఇద్దరు కాపలావాళ్లు చాలు, మన ఆడకూలీలకు పనేదీ?

చట్టం లేక కాదు. 1991లో, పోటునీరు తాకే గీత నుంచి 500 మీటర్ల దాకా తీరాన్ని కేంద్రం నియంత్రణ కిందికి తెచ్చింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ పరిధిలో వ్యాపార రొయ్యల చెరువులు తీసేయమంది. చెడగొట్టినవాడే నష్టం కట్టాలంది. పని పోయే కూలీలకు ఆరేళ్ల జీతం ఇమ్మంది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి ఆ నిషేధానికి గండి కొట్టింది. కోర్టులో గెలిచింది చట్టసభలో పోయింది. అక్కడ మన గొంతు లేకపోతే ఇంతే.

1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు దోసిట పట్టింది దాహం తీరటానికే కాదు, మనమూ మనుషులమేనని చెప్పటానికి. మన బావి కోసం కొట్లాటా ఆ దారిలోదే.

మత్స్యకార అన్నలతో కలిసి మూడు అడుగుదాం. అనుమతి లేని చెరువుల జాబితా ఊళ్లో అంటించాలి. మడ మొక్కలు నాటే పని మన కూలీలకే ఇవ్వాలి. తుఫాను షెల్టరు మన పల్లెకు దగ్గర్లో కట్టాలి.

వచ్చే గ్రామసభకు ఇంటికొకరు సీసాడు బావినీళ్లు పట్టుకు రండి. అధికారి ముందు పెడదాం. ఒక్క గుక్క తాగమందాం.

జై భీమ్!